హైదరాబాద్ దిగుడుబావుల మ్యాప్ తయారుచేస్తూ వెబ్ డెవలప్‌మెంట్ నేర్చుకోవడం ఎలా?

వెబ్ డెవలప్‌మెంట్ నేర్చుకుందామని బయల్దేరినవాళ్లు మన దగ్గర అయితే అమీర్‌పేటలో కోర్సులో చేరతారు, లేదంటే యూట్యూబ్‌లో ప్లేలిస్ట్ పట్టుకుంటారు. ఎటు వెళ్లినా ముందు చేయించేది టు-డూ లిస్ట్, ఆ తర్వాత క్యాలిక్యులేటర్, ఆ తర్వాత లాగిన్ పేజీ. వాళ్లు టైప్ చేసిందే మనమూ టైప్ చేస్తాం, పనిచేస్తుంది. వారం పోయాక ఖాళీ ఫైల్ తెరిచి కూర్చుంటే ఎక్కడ మొదలుపెట్టాలో తోచదు. టు-డూ లిస్ట్ సరిగ్గా వచ్చిందో లేదో వీడియోతో పోల్చి చూసుకోవాల్సిందే తప్ప, మనకై మనకు తెలిసే దారి లేదు.

మీ ఊరి మ్యాప్ మీరే చేసుకుంటే ఈ ఇబ్బంది ఉండదు. చార్మినార్ గుర్తు మూసీకి ఉత్తరాన పడిందంటే ఎక్కడో తేడా కొట్టిందని ఎవరూ చెప్పక్కర్లేదు. హైదరాబాద్‌లో నాలుగు రోజులు తిరిగిన ఎవరికైనా చూడగానే తెలుస్తుంది. తప్పును కంటితో పట్టుకోగలగడం కొత్తవాళ్లకు చాలా పెద్ద అండ. అందుకే ఎవరడిగినా నేను ముందు మ్యాప్ చేయమనే చెప్తాను. హెచ్‌టీఎంఎల్, సీఎస్ఎస్, జావాస్క్రిప్ట్, డేటా ఫైల్, హోస్టింగ్ అన్నీ ఈ ఒక్క పనిలోనే ఒకదాని వెంట ఒకటి అవసరం పడతాయి. అవసరం పడ్డప్పుడు నేర్చుకున్నది మర్చిపోవడం కష్టం.

ముందు దేని మ్యాప్ చేయాలో తేల్చుకోండి

నా సలహా దిగుడుబావులు. నగరంలో ఇవి చాలానే ఉన్నాయి, చాలామందికి తెలియవు. బన్సీలాల్‌పేట బావి ఏళ్ల తరబడి చెత్తతో పూడిపోయి ఉండేది. తవ్వి, శుభ్రం చేసి, 2022 డిసెంబర్‌లో మళ్లీ జనానికి తెరిచారు. కుతుబ్‌షాహీ సమాధుల ఆవరణలోని బడీ బావోలీలో కొంత భాగం 2013 వానలకు కూలిపోతే ఆగా ఖాన్ ట్రస్ట్ ఫర్ కల్చర్ తిరిగి నిలబెట్టింది. గోల్కొండ దిగుడుబావులను బాగుచేసిన పనికి 2022లో యునెస్కో ఆసియా-పసిఫిక్ వారసత్వ పురస్కారాల్లో అవార్డ్ ఆఫ్ డిస్టింక్షన్ వచ్చింది. ఉస్మానియా యూనివర్సిటీ క్యాంపస్‌లో మహ్‌లఖా బాయి పేరుతో ఒక బావి ఉంది. లంగర్‌హౌస్ బాపూఘాట్ దగ్గర ఒకటి, గుడిమల్కాపూర్‌లో ఒకటి. మొదలుపెట్టడానికి ఈ అరడజను చాలు.

ఇవి నేర్చుకోవడానికి అనువుగా ఉండటానికి కారణముంది. ఒక్కో బావి మ్యాప్ మీద ఒక్కో చుక్క. ప్రతిదానికీ పేరు, ప్రాంతం, ఫొటో, ఇప్పటి పరిస్థితి ఉంటాయి. బాగుచేసినవి వేరు, పాడుబడినవి వేరు కాబట్టి ఫిల్టర్ పెట్టాలన్న ఆలోచన దానంతటదే వస్తుంది. దిగుడుబావుల మీద ఆసక్తి లేకపోతే ఇరానీ చాయ్ హోటళ్లు తీసుకోండి, పాత లైబ్రరీలు తీసుకోండి. మీరు స్వయంగా వెళ్లి చూడగలిగినవి అయితే చాలు. ఇంకెవరో తయారుచేసిన వందల లైన్ల డేటాతో మొదలుపెడితే అందులో ఏది తప్పో మీకు తెలియదు.

ఒక జాగ్రత్త. కొన్ని పాత బావులు ఇళ్ల ఆవరణల్లో, ప్రైవేటు స్థలాల్లో ఉంటాయి. యజమానిని అడగకుండా వాటిని మ్యాప్‌లో పెట్టకండి.

కావాల్సిన సామాను

మామూలు ల్యాప్‌టాప్ సరిపోతుంది. వీఎస్ కోడ్ ఎడిటర్ ఉచితం, అది వేసుకోండి. అందులోనే లైవ్ సర్వర్ అనే ఎక్స్‌టెన్షన్ కూడా వేసుకోండి, దాని అవసరం కాసేపట్లో వస్తుంది. కోడ్ ఫైళ్లను నెట్‌లో దాచుకునే గిట్‌హబ్ అనే సైట్‌లో ఒక అకౌంట్ తెరవండి. ఇక మ్యాప్ చూపించే పని లీఫ్‌లెట్ అనే జావాస్క్రిప్ట్ లైబ్రరీది, అంటే ఇంకొకరు రాసిపెట్టిన కోడ్‌ది. కీవ్‌కు చెందిన వొలోదిమిర్ అగాఫోన్‌కిన్ దీన్ని 2011లో విడుదల చేశాడు. కంప్రెస్ చేస్తే దాదాపు 42 కేబీ, అంటే ఒక చిన్న ఫొటో అంత కూడా ఉండదు. గూగుల్ మ్యాప్స్‌ను మీ పేజీలో వాడాలంటే బిల్లింగ్ అకౌంట్ తెరవాలి, కార్డు వివరాలు ఇవ్వాలి. నేర్చుకునే దశలో ఆ టెన్షన్ ఎందుకు? లీఫ్‌లెట్‌కు అకౌంట్ కూడా అక్కర్లేదు.

కోడ్ ఇంగ్లిష్ అక్షరాల్లోనే రాయాలి కాబట్టి లీఫ్‌లెట్ సైట్‌లోని క్విక్ స్టార్ట్ పేజీ పక్కన తెరిచి పెట్టుకోండి. ఏ లైన్ ఏం చేస్తుందో నేను ఇక్కడ చెప్తాను, అక్షరాలు అక్కడ చూసి మీ చేత్తో టైప్ చేయండి. పొడవాటి లింకులు తప్ప మిగతావేవీ కాపీ చేయకండి. టైప్ చేసేటప్పుడు ఒక బ్రాకెట్ మర్చిపోతారు, దాన్ని వెతుక్కుంటారు. ఆ వెతుకులాటలోనే సగం చదువు ఉంది.

మొదటి మ్యాప్: లండన్ నుంచి హైదరాబాద్‌కు

ఒక ఫోల్డర్ చేసి అందులో మూడు ఫైళ్లు పెట్టండి. పేజీకి ఇండెక్స్ డాట్ హెచ్‌టీఎంఎల్, అలంకరణకు స్టైల్ డాట్ సీఎస్ఎస్, పని చేయించడానికి యాప్ డాట్ జేఎస్. పేర్లన్నీ చిన్న అక్షరాల్లోనే పెట్టండి, మధ్యలో ఖాళీలు వద్దు. విండోస్‌లో పెద్ద అక్షరమైనా చిన్న అక్షరమైనా ఒకటే అనిపిస్తుంది కానీ, గిట్‌హబ్‌కు ఎక్కించాక రెండూ వేర్వేరు ఫైళ్లే. ఇంట్లో పనిచేసిన పేజీ నెట్‌లో పనిచేయడం లేదని తల పట్టుకునేవాళ్లలో చాలామంది సమస్య ఇదే.

హెచ్‌టీఎంఎల్ పేజీ పైభాగంలో, అంటే హెడ్‌లో, క్యారెక్టర్ సెట్ యూటీఎఫ్-8 అని చెప్పే మెటా లైన్ ముందుగా రాయండి. ఇది లేకపోతే మీ తెలుగు పేర్లు పిచ్చి గీతలుగా కనిపించే ప్రమాదం ఉంది. దాని కింద వ్యూపోర్ట్ మెటా లైన్. ఫోన్‌లో పేజీ సరైన సైజులో రావాలంటే అది ఉండాలి. ఆ తర్వాత లీఫ్‌లెట్ సీఎస్ఎస్ లింక్, దాని తర్వాత లీఫ్‌లెట్ స్క్రిప్ట్. ఈ వరస మార్చకండి. బాడీలో ఒక డివ్, అంటే ఖాళీ డబ్బా పెట్టి, దాన్ని గుర్తుపట్టడానికి మ్యాప్ అని ఐడీ ఇవ్వండి. బాడీ ముగిసే ముందు మీ యాప్ డాట్ జేఎస్‌ను పిలవండి. దాన్ని పైనే పిలిస్తే, డివ్ ఇంకా పుట్టకముందే స్క్రిప్ట్ దానికోసం వెతికి, మ్యాప్ కంటెయినర్ దొరకలేదని ఎర్ర అక్షరాల్లో చెప్తుంది.

ఇప్పుడు జావాస్క్రిప్ట్ ఫైల్‌లో రెండే పనులు. ఒకటి, మ్యాప్‌ను సృష్టించి సెట్‌వ్యూతో మధ్య బిందువు, జూమ్ చెప్పడం. రెండు, టైల్‌లేయర్‌తో మ్యాప్ బొమ్మలు ఎక్కడినుంచి తెచ్చుకోవాలో చెప్పడం. క్విక్ స్టార్ట్‌లో ఉన్న అంకెలు 51.505, -0.09. అది లండన్. వాటిని తీసేసి 17.385, 78.4867 పెట్టండి, జూమ్ 12 ఇవ్వండి.

పేజీ తెరిస్తే ఏమీ కనిపించలేదా? దాదాపు అందరికీ ఇక్కడ ఇలాగే జరుగుతుంది. డివ్‌లో ఏమీ లేదు కాబట్టి దాని ఎత్తు సున్నా. మ్యాప్ ఉంది, కాకపోతే సున్నా ఎత్తులో ఉంది. సీఎస్ఎస్‌లో మ్యాప్ ఐడీకి ఎత్తు ఇవ్వాలి. వంద శాతం అని రాస్తే సరిపోతుందనుకుంటారు. కానీ శాతం అంటే పైనున్న డబ్బా ఎత్తులో శాతం, దానికి ఎత్తు లేకపోతే సున్నాలో వంద శాతం కూడా సున్నాయే. 100 వీహెచ్ అని రాస్తే స్క్రీన్ ఎత్తు మొత్తం తీసుకుంటుంది. సీఎస్ఎస్‌లో ఎత్తుల గురించి పుస్తకంలో చదివితే ఒంటపట్టని విషయం ఈ ఖాళీ స్క్రీన్ చూశాక బాగా ఒంటపడుతుంది.

హుస్సేన్ సాగర్ కనిపించగానే ఆగి, ఎఫ్12 నొక్కండి. డెవలపర్ టూల్స్ తెరుచుకుంటాయి. అందులో నెట్‌వర్క్ అనే ట్యాబ్‌కు వెళ్లి మ్యాప్‌ను వేలితోనో మౌస్‌తోనో జరపండి. చిన్న చిన్న బొమ్మల ఫైళ్లు వరసగా వచ్చి పడుతుంటాయి. మ్యాప్ అంటే ఒక పెద్ద బొమ్మ అనుకుంటాం గానీ, గచ్చు మీద టైల్స్ పరిచినట్టు 256 పిక్సెళ్ల చదరపు ముక్కలను పక్కపక్కన పరచడమే ఇది. సున్నా జూమ్‌లో ప్రపంచం మొత్తం ఒకే ముక్క. జూమ్ ఒకటి పెరిగిన కొద్దీ ప్రతి ముక్కా నాలుగవుతుంది. 12వ జూమ్‌కు వచ్చేసరికి ప్రపంచానికి 1,67,77,216 ముక్కలు. వాటిలో మీ స్క్రీన్‌కు కావాల్సిన కొన్నిటినే లీఫ్‌లెట్ అడిగి తెచ్చుకుంటుంది.

ఆ ఫైళ్ల అడ్రస్ చదవండి. చివర మూడు అంకెలుంటాయి: జూమ్, నిలువు వరస, అడ్డం వరస. 12/2940/1847 అన్న ముక్కను విడిగా తెరిస్తే అందులో చార్మినార్ ప్రాంతం ఉంటుంది. 13వ జూమ్‌లో అదే చార్మినార్ 13/5881/3694లో ఉంటుంది. రెండు అంకెలూ దాదాపు రెట్టింపయ్యాయి చూడండి. సర్వర్, రిక్వెస్ట్, రెస్పాన్స్ అనే మాటలు ఇన్నాళ్లూ విన్నవే అయినా, చార్మినార్ ముక్కను అడగడం, అది రావడం కళ్లముందు చూశాక వాటికి అర్థం వస్తుంది.

ఈ ముక్కలు ఇస్తున్నది ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్. 2004లో బ్రిటన్‌లో స్టీవ్ కోస్ట్ మొదలుపెట్టిన ప్రాజెక్టు ఇది. ప్రపంచవ్యాప్తంగా వాలంటీర్లు దీనికి వీధులు, ఊళ్లు, చెరువులు గీస్తుంటారు. ఆ సర్వర్లు విరాళాలతో నడుస్తాయి కాబట్టి రెండు మర్యాదలు పాటించాలి. మ్యాప్ మూలన వాళ్ల పేరు కనిపించే అట్రిబ్యూషన్ లైన్ తీసేయకూడదు. ముక్కలను గంపగుత్తగా డౌన్‌లోడ్ చేసి దాచుకోకూడదు. మీ మ్యాప్‌కు జనం బాగా పెరిగితే డబ్బులిచ్చి వాడుకునే టైల్ సర్వీసులున్నాయి, అప్పుడు మారొచ్చు.

బావి దగ్గరికి వెళ్లి అంకెలు తెచ్చుకోండి

ల్యాప్‌టాప్ మూసేసి ఒక ఆదివారం బయటికి వెళ్లాల్సిన పని ఇది. దీన్ని మాత్రం వదిలేయకండి. బన్సీలాల్‌పేట బావికి గాంధీ హాస్పిటల్ మెట్రో స్టేషన్ దగ్గర. బావి అంచున నిలబడి ఫోన్‌లో లొకేషన్ ఆన్ చేసి కాసేపు ఆగండి. చుట్టూ ఎత్తు గోడలుంటే జీపీఎస్ కుదురుకోవడానికి సమయం పడుతుంది. దశాంశ బిందువు తర్వాత ఎన్ని అంకెలు రాసుకోవాలన్నది చాలామందికి సందేహం. అక్షాంశంలో ఒక డిగ్రీ దాదాపు 111 కిలోమీటర్లు. నాలుగు అంకెలుంటే 11 మీటర్ల దాకా వస్తుంది, ఐదుంటే మీటరు చిల్లర. ఐదు రాసుకోండి. ఆపైన ఉన్నవి మామూలు ఫోన్ కొలవగలిగిన దానికి మించినవే.

కొన్నిచోట్ల అక్షాంశం 17 డిగ్రీల 21 నిమిషాల 42 సెకన్లు అన్న రూపంలో ఉంటుంది. దాన్ని 17.2142 అని రాయకూడదు. నిమిషాలను 60తో, సెకన్లను 3600తో భాగించి కలపాలి. అప్పుడు 17.3617 వస్తుంది, అది చార్మినార్. తప్పుగా రాసిన 17.2142 మిమ్మల్ని శంషాబాద్ వైపు, నగరానికి బాగా దక్షిణంగా తీసుకెళ్తుంది.

ఈ అంకెలను చాట్‌జీపీటీ లాంటి ఏఐ టూల్స్‌ను అడగకండి. అడిగితే ఇస్తాయి, నమ్మకంగా ఇస్తాయి, కానీ బావి ఉండాల్సిన చోట ఎవరి అపార్ట్‌మెంటో ఉండొచ్చు. ఎర్రర్ మెసేజ్‌కు అర్థమేంటో వాటిని అడగండి, ఆ పనికి చాలా బాగుంటాయి. మొత్తం కోడ్ రాయించుకోవడం మాత్రం ఇంకో ప్రాజెక్టుకు అట్టిపెట్టుకోండి. ఇది మీరు నేర్చుకోవడానికి చేస్తున్నది.

తెచ్చిన వివరాలను జియోజేసన్ అనే పద్ధతిలో రాయాలి. 2016లో దీన్ని ఆర్ఎఫ్‌సీ 7946 పేరుతో ప్రమాణంగా ప్రచురించారు. ఒక పెద్ద ఫీచర్ కలెక్షన్, దాంట్లో బావికొక ఫీచర్. ప్రతి ఫీచర్‌లో రెండు భాగాలు. జామెట్రీ అన్నదాంట్లో ఎక్కడుందో, ప్రాపర్టీస్ అన్నదాంట్లో ఏమిటో. ప్రాపర్టీస్‌లో తెలుగు పేరు, ఇంగ్లిష్ పేరు, ప్రాంతం, పరిస్థితి, ఫొటో ఫైల్ పేరు పెట్టండి. ఇంగ్లిష్ పేరు ఎందుకంటే, రేపు వెతుకులాట పెట్టినప్పుడు సగంమంది ఇంగ్లిష్ అక్షరాల్లోనే కొడతారు. జియోజేసన్ డాట్ ఐఓ అనే సైట్‌లో మ్యాప్ మీద నొక్కి గుర్తు పెడితే పక్కనే ఈ ఫైల్ తయారవుతూ కనిపిస్తుంది. మొదటిసారి అక్కడ రెండు బావులు పెట్టి చూస్తే ఆకారం అర్థమవుతుంది, మిగతావి చేత్తో రాయండి.

ఇక్కడే ఒక మెలిక ఉంది. లీఫ్‌లెట్‌కు అక్షాంశం ముందు, రేఖాంశం తర్వాత చెప్పాలి. జియోజేసన్‌లో రేఖాంశం ముందు, అక్షాంశం తర్వాత. చార్మినార్‌ను లీఫ్‌లెట్‌లో 17.3616, 78.4747 అని రాస్తాం, జియోజేసన్‌లో 78.4747, 17.3616 అని రాయాలి. తారుమారు చేస్తే మ్యాప్ మీద గుర్తే కనిపించదు. పూర్తిగా జూమ్ తగ్గించి పైకి జరపండి. నార్వేకు ఉత్తరాన, ఆర్కిటిక్‌లో స్వాల్‌బార్డ్ దీవుల మంచు మధ్య మీ బావి ఉంటుంది. గుర్తు కనిపించకపోతే ముందు స్వాల్‌బార్డ్ చూడటం అలవాటు చేసుకోండి.

జియోజేసన్ కూడా జేసన్ అనే డేటా పద్ధతిలో రాసేదే, జేసన్ ఫైల్‌కు వ్యాకరణం కఠినం. చివరి ఫీచర్ తర్వాత కామా ఉండకూడదు. కోట్ గుర్తులు నిటారుగా ఉండాలి, వర్డ్ నుంచి కాపీ చేస్తే వచ్చే వంకర కోట్లు పనికిరావు. వీఎస్ కోడ్ ఎర్ర గీత గీస్తే అక్కడ కాకపోతే దానికి ఒక లైన్ పైన తప్పుంటుంది.

డేటాను పేజీలోకి తేవడం

ఫెచ్ అనే ఫంక్షన్‌తో జియోజేసన్ ఫైల్‌ను పిలవాలి. ఫోల్డర్‌లోని హెచ్‌టీఎంఎల్ ఫైల్‌ను డబుల్ క్లిక్ చేసి తెరిచారనుకోండి, బ్రౌజర్ ఒప్పుకోదు. నేరుగా డిస్క్‌లోంచి తెరిచిన పేజీని పక్క ఫైళ్లు చదవనివ్వకపోవడం భద్రత కోసం పెట్టిన నియమం. లైవ్ సర్వర్ ఇందుకే. వీఎస్ కోడ్ కింద మూలన ఉన్న గో లైవ్ నొక్కితే మీ ల్యాప్‌టాపే చిన్న సర్వర్ అవుతుంది. అడ్రస్ బార్‌లో 127.0.0.1, దాని పక్కన మామూలుగా 5500 అని కనిపిస్తుంది. ఇప్పుడు ఫెచ్ పనిచేస్తుంది.

పనిచేసినా ఇంకో తిరకాసు. ఫెచ్ కింద లైన్‌లోనే బావులు ఎన్ని వచ్చాయో కన్సోల్‌లో, అంటే ఎఫ్12 నొక్కితే వచ్చే డెవలపర్ టూల్స్‌లోని ఇంకో ట్యాబ్‌లో, ప్రింట్ చేయించి చూడండి. బావులు కనిపించవు. ఫైల్ రావడానికి కొంత సమయం పడుతుంది, జావాస్క్రిప్ట్ దానికోసం ఆగకుండా కింది లైన్‌కు వెళ్లిపోతుంది. వచ్చాక చేయాల్సిన పనిని దెన్ లోపల రాయాలి, లేదా అసింక్ ఫంక్షన్ రాసి అందులో అవెయిట్ అని ఆపాలి. మొదట్లో దెన్ వాడండి. ఏది ముందు జరుగుతోంది, ఏది తర్వాత అన్నది దాంతో స్పష్టంగా కనిపిస్తుంది. దెన్ లోపల ఒక ప్రింట్, బయట ఒక ప్రింట్ పెట్టి, కింద రాసిన బయటి ప్రింట్ ముందు రావడం కన్సోల్‌లో చూడండి. ఈ ఒక్క ప్రయోగానికి ఒక సాయంత్రం పోయినా పర్లేదు. రేపు పేజీలు కట్టే రియాక్ట్ నేర్చుకున్నా, సర్వర్ వైపు జావాస్క్రిప్ట్ నడిపే నోడ్ నేర్చుకున్నా అడుగడుగునా ఎదురయ్యేది ఇదే.

డేటా చేతికొచ్చాక లీఫ్‌లెట్‌లోని జియోజేసన్ ఫంక్షన్‌కు ఇస్తే గుర్తులన్నీ పడిపోతాయి. ఆన్‌ఈచ్‌ఫీచర్ అనే ఆప్షన్ ప్రతి బావికీ ఒకసారి నడుస్తుంది. అందులో బైండ్‌పాపప్‌తో పేరు, ఫొటో చూపించండి. పాపప్‌కు ఇచ్చిన రాతను బ్రౌజర్ హెచ్‌టీఎంఎల్‌గా చదువుతుంది. మీరు రాసిన డేటా అయితే ఫర్వాలేదు. తర్వాత ఎప్పుడైనా గూగుల్ ఫారమ్ పెట్టి జనం పంపిన వివరాలు చూపించాలనుకుంటే మాత్రం వాళ్ల రాతను నేరుగా అక్కడ పెట్టకండి, అందులో ఎవరైనా స్క్రిప్ట్ దూర్చొచ్చు. ఒక ఎలిమెంట్ తయారుచేసి టెక్స్ట్‌కంటెంట్‌గా రాసి, ఆ ఎలిమెంట్‌ను పాపప్‌కు ఇవ్వండి.

జాబితా, ఫిల్టర్: అసలు పని ఇక్కడే

గుర్తులు పడగానే అయిపోయిందనుకుని చాలామంది ఆగిపోతారు. ఇంతవరకు చేసింది లీఫ్‌లెట్. మీ ఆలోచన మొదలయ్యేది ఇక్కడే.

మ్యాప్ పక్కన బావుల పేర్ల జాబితా రావాలి. పేరు నొక్కితే మ్యాప్ అక్కడికి ఎగరాలి, పాపప్ తెరుచుకోవాలి. పైన మూడు చెక్‌బాక్సులు: బాగుచేసినవి, పని నడుస్తున్నవి, పాడుబడినవి. ఒకదాని టిక్ తీసేస్తే మ్యాప్‌లోనూ, జాబితాలోనూ ఆ బావులు పోవాలి.

కొత్తవాళ్లకు ముందు తోచే దారి, చెక్‌బాక్స్ నొక్కినప్పుడు ఏ గుర్తులు తీయాలో వెతికి ఒక్కొక్కటీ తీసేయడం, మళ్లీ నొక్కితే వెతికి పెట్టడం. రెండు చెక్‌బాక్సుల దాకా నెట్టుకొస్తారు. మూడోది రాగానే జాబితాలో ఉన్నది మ్యాప్‌లో ఉండదు, మ్యాప్‌లో ఉన్నది జాబితాలో ఉండదు.

ఇలా చేయండి. మొత్తం బావులను ఒక వేరియబుల్‌లో పెట్టి దాన్ని ఎప్పుడూ మార్చకండి. చూపించు అనే అర్థం వచ్చే పేరుతో ఒకే ఒక్క ఫంక్షన్ రాయండి. అది ముందు మ్యాప్‌లోని గుర్తులన్నీ తుడిచేయాలి, జాబితా ఖాళీ చేయాలి. గుర్తులను లేయర్ గ్రూప్‌లో పెట్టుకుంటే క్లియర్‌లేయర్స్ అన్న ఒక్క మాటతో తుడుచుకుపోతాయి. తర్వాత ఏ చెక్‌బాక్సులకు టిక్ ఉందో చూసి, ఫిల్టర్‌తో ఆ బావులను ఏరుకోవాలి. ఏరుకున్న ప్రతి బావికీ అదే లూప్‌లో మ్యాప్ మీద ఒక గుర్తు, జాబితాలో ఒక వరస తయారుచేయాలి. రెండూ ఒకే లూప్‌లో పుడతాయి కాబట్టి, వరస మీద క్లిక్ ఈవెంట్ పెట్టేటప్పుడు దాని గుర్తు చేతిలోనే ఉంటుంది. ఫ్లైటూ అనే ఫంక్షన్‌తో మ్యాప్‌ను అక్కడికి పంపి, ఓపెన్‌పాపప్ పిలిస్తే సరి. ఏ చెక్‌బాక్స్ మారినా ఈ ఒక్క ఫంక్షన్‌నే పిలవండి.

ప్రతిసారీ మొత్తం తుడిచి మళ్లీ గీయడం దండగ కదా అని అనుమానం వస్తుంది. పదుల సంఖ్యలో, వందల సంఖ్యలో గుర్తులకు బ్రౌజర్‌కు అదొక లెక్కే కాదు. వేలు దాటితే మార్కర్ క్లస్టర్ అనే ప్లగిన్ ఉంది, దగ్గరి గుర్తులను ఒక గుంపుగా చూపిస్తుంది. డేటా ఒకచోట ఉండి, స్క్రీన్ మీద ఉన్నదంతా దాన్నుంచే పుట్టడం అన్న ఈ పద్ధతే రియాక్ట్ లాంటి ఫ్రేమ్‌వర్క్‌లకు పునాది. దాన్ని ఇక్కడ చేత్తో చేసినవాళ్లకు అక్కడ స్టేట్ అన్న మాట కొత్తగా ఉండదు.

తెలుగు అందంగా కనిపించాలి

పాపప్‌లో బన్సీలాల్‌పేట అని పెద్ద అక్షరాల్లో రాసి దగ్గరగా చూడండి. న్సీలో పైన గుడిదీర్ఘం ఉంటుంది, కింద స వత్తు ఉంటుంది. ఇంగ్లిష్‌కు సరిపోయే లైన్ ఎత్తు దీనికి చాలదు. రెండు లైన్ల పేరైతే పై లైన్ వత్తు కింది లైన్ గుడికి తగులుతుంది, డబ్బా ఎత్తు బిగించి ఉంటే వత్తు కోసుకుపోతుంది. సీఎస్ఎస్‌లో లైన్‌హైట్ 1.6 లేదా అంతకంటే ఎక్కువ ఇవ్వండి. గూగుల్ ఫాంట్స్‌లో నోటో సాన్స్ తెలుగు, మండలి, రామభద్ర లాంటివి ఉచితంగా దొరుకుతాయి. జాబితాకు నోటో, శీర్షికకు రామభద్ర బాగుంటాయని నా అభిప్రాయం. హెచ్‌టీఎంఎల్ ట్యాగ్‌లో భాష టీఈ అని రాయండి, స్క్రీన్ రీడర్ వాడేవాళ్లకు అది అవసరం. జాబితాను అక్షర క్రమంలో పెట్టడానికి లోకేల్‌కంపేర్ వాడి దానికి తెలుగు అని చెప్పండి.

మీ మ్యాప్ చూసేవాళ్లలో ఎక్కువమంది ఫోన్‌లోనే చూస్తారు. అక్కడ జాబితా పక్కన పట్టదు. మీడియా క్వెరీ రాసి చిన్న స్క్రీన్ అయితే మ్యాప్ పైన, జాబితా కింద వచ్చేలా మార్చండి. మ్యాప్ స్క్రీన్ మొత్తం ఆక్రమిస్తే కిందికి జరపబోయిన వేలు మ్యాప్‌నే జరుపుతుంది, జాబితా ఉందని కూడా తెలియదు. ఫోన్‌లో మ్యాప్‌కు 60 వీహెచ్ చాలు.

నెట్‌లో పెట్టడం

గిట్‌హబ్‌లో కొత్త పబ్లిక్ రిపాజిటరీ, అంటే అందరికీ కనిపించే ప్రాజెక్టు ఫోల్డర్ తెరిచి ఫైళ్లన్నీ ఎక్కించండి. సెట్టింగ్స్‌లో పేజెస్ అన్నచోట మెయిన్ బ్రాంచ్ ఎంచుకుని సేవ్ చేయండి. కొద్ది నిమిషాల్లో మీ అడ్రస్ తయారు, రూపాయి ఖర్చు లేదు. ఫొటోలను ఎక్కించేముందు వెడల్పు 800 పిక్సెళ్లకు తగ్గించండి. ఫోన్ కెమెరా ఫొటో నేరుగా పెడితే ఒక్కోటి కొన్ని ఎంబీలుంటుంది, బస్సులో కూర్చుని తెరిచినవాళ్లకు పాపప్ ఖాళీగానే ఉంటుంది.

నా దగ్గర్లో ఏ బావి ఉందో చూపించే బటన్ పెట్టాలనుకుంటే లీఫ్‌లెట్‌లో లొకేట్ అనే ఫంక్షన్ ఉంది. నెట్‌లో ఉన్న పేజీల్లో హెచ్‌టీటీపీఎస్, అంటే సురక్షిత కనెక్షన్‌తో వచ్చేవాటికే బ్రౌజర్లు లొకేషన్ ఇస్తాయి. గిట్‌హబ్ పేజెస్ హెచ్‌టీటీపీఎస్‌లోనే వస్తుంది కాబట్టి ఇబ్బంది లేదు. పేజీ తెరవగానే లొకేషన్ అడగకండి. బటన్ నొక్కినప్పుడే అడగండి, వద్దన్నవాళ్లకూ మ్యాప్ మామూలుగా పనిచేయాలి.

మీరు కనుక్కున్న బావి ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో లేకపోవచ్చు, ఉన్నా తెలుగు పేరు లేకపోవచ్చు. ఆ సైట్‌లో ఉచితంగా అకౌంట్ తెరిచి ఎడిట్ నొక్కితే ఐడీ అనే ఎడిటర్ బ్రౌజర్‌లోనే వస్తుంది. బావిని ఎంచుకుని, పేరు గడి పక్కన ఉన్న ప్లస్ గుర్తు నొక్కి, భాష తెలుగు అని చెప్పి పేరు రాయండి. గూగుల్ మ్యాప్స్‌లో చూసి ఏదీ అక్కడ చేర్చకూడదు, లైసెన్స్ ఒప్పుకోదు. మీరు వెళ్లి చూసినదే చేర్చాలి. సేవ్ చేసేటప్పుడు చేంజ్‌సెట్ కామెంట్ అడుగుతుంది. ఏం మార్చారో, స్వయంగా వెళ్లి చూసి రాశానన్న సంగతీ అందులో ఒక లైన్‌లో చెప్పండి.